చూద్దాం అంటే కుదరదని

మార్చి 3, మంగళవారం

ఇవాళ కటింగ్ మాస్టర్ షాపులో అందరి ముందూ చెప్పాడు. పదహారో తారీఖున, సొంతంగా కత్తిరించి కుట్టిన కోటు ఎవరిది బాగుంటే వాళ్ళకే కటింగ్ టేబుల్. పదకొండేళ్ళుగా ఎవరో కత్తిరించిన బట్టకి జిప్పులూ అంచులూ కుడుతున్నాను. ఆ టేబుల్ నాది. రాసిపెట్టుకుంటున్నా. మామూలు రోజుల్లో ఊపిరాడదు, చేతిలో ఉన్నవి రెండే రెండు ఆదివారాలు.

మార్చి 8, ఆదివారం, సాయంత్రం

కోటు మీద చాక్ గీత కూడా పడలేదు.

పొద్దున్నే వదిన సంచీ దింపింది. మూడు ప్యాంట్లు, రెండు జిప్పులు, ఒక పరదా. ఒక్క కుట్టే కదా అంటుంది ఎప్పుడూ. ఆ ఒక్క కుట్టు అయ్యేసరికి పొద్దు వాలింది. అసలు మొన్న ఫోన్లో అడిగినప్పుడు నేను ఒప్పుకోనే లేదు. చూద్దాంలే వదినా అన్నాను. చూద్దాం అంటే కుదరదని కాదూ? ఆమాత్రం తెలియదా?

తెలియదట. నువ్వే కదా చూద్దామన్నావు అని నన్నే నిలదీసింది.

అమ్మ మంచం మీంచి ఒకటే నవ్వు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందట, నీకు పరదా వచ్చిందే అంది. ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది.

మార్చి 9

అద్దం ముందు ప్రాక్టీస్. కుదరదు. కుదరదండీ. కుదరదు వదినా. మూడోదాని దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ‘చూద్దాంలే వదినా’ అనేస్తున్నాను.

మార్చి 12, గురువారం, లంచ్ టైమ్

పొద్దున పక్కింటి టీచర్ మెట్ల మీద ఆపేసింది. స్కూల్ ఫంక్షన్‌కి పన్నెండు కాలర్లు, ఆదివారానికల్లా కావాలట. నోట్లో ‘చూ’ దాకా వచ్చేసింది. మింగేశాను. కుదరదండీ, ఆదివారం నాకు పనుంది అన్నాను. అయ్యో అలాగా, వేరేచోట ఇస్తాన్లెండి అని ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

అంతే! కొంపలేమీ మునగలేదు. ఇంత చిన్న మాటకి పదకొండేళ్ళు పట్టిందా నాకు?

మార్చి 14, శనివారం

వదినకి నేనే ఫోన్ చేశాను. రేపు సంచీ తేవద్దు వదినా, కుదరదు. రేపనే కాదు, ఇకమీదట ఆదివారాలు నావి అన్నాను. అయితే మేం పరాయివాళ్ళమైపోయామా అంది. సొంతవాళ్ళు కాబట్టే నాన్చకుండా చెప్తున్నా అన్నాను. పెట్టేసింది. బాధేసింది. మళ్ళీ చేయలేదు.

మార్చి 15, ఆదివారం

తలుపు గడియ వేశాను. రేడియో, కత్తెర, నేను. తొమ్మిది గంటలు. కాలర్ రెండుసార్లు విప్పితే మూడోసారికి కూర్చుంది. చివరి కాజా అయ్యేసరికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంత సంతోషంగా ఎప్పుడూ అలిసిపోలేదు.

మార్చి 16

మాస్టర్ కోటు లోపలివైపు తిప్పి కుట్టు కుట్టూ చూశాడు. రేపటినుంచి టేబుల్ దగ్గరికి రమ్మన్నాడు. నాది!!

మార్చి 22, ఆదివారం

వదిన వచ్చింది. ఒక్క ప్యాంటు. జిప్పు తనే వేసిందట, ఎలా ఉందో చెప్పమంది. చూద్దాం అన్నాను.

వంకరటింకర. విప్పి మళ్ళీ కుట్టేద్దామని చేతులు దురద పెట్టాయి. వెనక్కి కట్టుకున్నాను.

చూశాను.