ఒక మనిషి బరువుకి మోటారు

పెదజాలరిపేట

చలమయ్య బావకు ఎల్లారావు దండాలు.

ఫోనులో నీకు అరిచి చెబితే వీధంతటికీ వినిపిస్తుంది, నీకు తప్ప. అందుకే ఈ ఉత్తరం. మా చెల్లెలు దుర్గ మీ ఉక్కునగరానికి చేపలు అమ్మడానికి వస్తుంది కదా, దాని బుట్టలో పెట్టాను. వాసనకి ఏమనుకోకు.

సీతమ్మధార డాక్టరు నా గుండె చూసి, ఇక సముద్రం మీదికి పోవద్దన్నాడు. మా ఆవిడ చిట్టమ్మ ఆ మాటను తాళంచెవిలా బొడ్లో దోపుకుంది. అప్పట్నుంచీ నిద్రలోనే వేటకు పోతున్నాను. రేవు బయట లంగరేసిన ఓడల మధ్యనుంచి, చప్పుడు లేకుండా. లేచేసరికి అరచేతులు ఉప్పగా ఉంటాయి.

ఒక బొమ్మ పడవ చెక్కాను. దానికో కరెంటు మోటారు కావాలి. స్టీల్ ప్లాంటులో మోటార్ల మధ్యే ముసలివాడివయ్యావు, సరైనది నువ్వే చూసి పంపు.

ఇట్లు,
ఇసకలో ఆరేసిన నీ బావ, ఎల్లారావు

తా.క. చిట్టమ్మకు తెలియనివ్వకు.

*

ఉక్కునగరం

ఎల్లారావు బావకు చలమయ్య నమస్కారాలు.

ఉత్తరం అందింది. ముందు మా పిల్లి చదివింది.

మోటారును ఎంచడమంటే సంబంధం చూడ్డమే. తిరగడానికి అన్నీ తిరుగుతాయి, బరువు పడ్డాక ఏది నిలుస్తుందో చూడాలి. బొమ్మల మోటారు ఉత్తప్పుడు గిర్రున తిరుగుతుంది, బలం ఉండదు. పళ్లచక్రాలు తగిలిస్తే వేగం తగ్గి బలం వస్తుంది. పెళ్లయిన మగాడిలా.

మా మిల్లులో ఏనుగంత మోటారు ఉండేది. దాని హోరుకే నా చెవులు పోయాయి. ఇప్పుడు మధ్యాహ్నం కునుకులో నాకు వినిపించేది అదొక్కటే, ఎక్కడో వాన కురుస్తున్నట్టు. సరే, ఎక్కడికో పోయాను.

ఇట్లు,
నీ చలమయ్య

తా.క. బరువెంతో చెప్పకుండా మోటారు అడిగేవాణ్ణి మేము గేటు దగ్గరే ఆపేవాళ్లం.

*

బావకు,

బరువంటావా, ఒక మనిషి. ఎండిపోయినవాడే. ముడుచుకుని కూర్చుంటాడు. కెరటాలు దాటిస్తే చాలు. వేగం వద్దు, కలలో పోయినట్టు పోవాలి.

ఇట్లు,
ఎల్లారావు

తా.క. తిరిగి రావాలా అని అడగకు. అది ఇంకా ఆలోచించలేదు.

*

చెల్లెమ్మ చిట్టమ్మకు చలమయ్య అన్న దీవెనలు.

నీ చేతికే ఇమ్మని దుర్గ చేత ఒట్టు వేయించుకున్నాను. మీ ఆయన బొమ్మ అని చెప్పి, మనిషి ఎక్కే పడవ కడుతున్నాడు. తిరిగొచ్చే ఆలోచన కూడా లేదట. పిల్లల కారులోంచి తీసిన పసుప్పచ్చ మోటారు ఒకటి పంపుతున్నాను. అది దోమను కూడా లాగలేదు. ఆయనకిచ్చి మురవనివ్వు. పడవను మాత్రం దాచెయ్యి.

ఇట్లు,
భయపడుతున్న మీ అన్న

తా.క. ఈ ఉత్తరం బావ కంట పడకూడదు.

*

బావకు,

మా ఇంట్లో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చిన చదువు. చిట్టమ్మ నీ ఉత్తరం తెచ్చి నా చేతిలోనే పెట్టింది. అందరూ కులాసాయేనట అన్నాను.

"అంత పొడుగు కాయితంలో ఆ ఒక్క ముక్కేనేటి? మల్లీ సదువు" అంది.

చదివాను. నీ తా.క.తో సహా.

ఇక చేసేదిలేక వలల కింద దాచిన పడవ బయటికి తీశాను. మూరెడు పడవ. అందులో జానెడు కొయ్యమనిషి. మీసం బొగ్గుతో దిద్దాను గాని, ముఖం నాదే. డాక్టరు నన్నే వద్దన్నాడు, వాణ్ణి కాదు కదా.

చిట్టమ్మ లేచి బట్టలు నానబెట్టే తొట్టి నింపింది. నీ మోటారు తగిలించాను. దోమను లాగలేనిది నన్ను లాగింది, బావా. అచ్చం కలలోలాగే, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి. చిట్టమ్మ పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. కోపమనుకున్నాను.

"ఈ పడవలో నానెక్కడ?" అంది.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు పడవెక్కరు. చిట్టమ్మ వల అల్లుతుంది, చేప అమ్ముతుంది, ఇన్నేళ్లూ ఒడ్డునే నిలబడింది. ఎక్కాలని ఉందా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు రెండో కొయ్య చెక్కుతున్నాను.

ఇట్లు,
ఎల్లారావు

తా.క. చిట్టమ్మ చెబుతోంది, రాస్తున్నాను: "సలమయ్యన్నియ్యా, ఈ మోటారు ఒక్క మనిసికే సరిపోద్ది. ఇద్దరి బరువుకి ఒకటి సూసి అంపించు. నా బొమ్మని కాస్త లావుగానే సెక్కమన్నాను. మోటారు కాడ నానే కూకుంటాను."