సాంచాలు ఆగినప్పటి గొంతు

ఆదివారం, రాత్రి

ఇరవై ఏళ్లుగా నాటకాలకు పాటలు రాసి, బాణీలు కడుతున్నాను. ఈరోజు మా నేతవాళ్లుండే సలాబత్‌పురా హాల్లో రిహార్సల్ చూస్తుంటే ఆ పని నాకు చేతకాదేమో అనిపించింది. సాంచాల షెడ్డులో కరెంటు మగ్గాలకు నూలు కండెలు చుట్టే రాజక్క, తల్లి వేషంలో నా జోలపాటను అరిచి పాడుతోంది. తల్లి బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు లేదు, పోట్లాడుతున్నట్టుంది.

"జర మెల్లగ పాడక్కా" అన్నాను.

"మెల్లగ పాడితే సాంచాల సప్పుడుల ఎవలకు ఇనవడ్తది తమ్మీ? నాకు గిట్లనే అలవాటైంది."

"మరి కరెంటు పోయినప్పుడు ఎట్ల పాడుతవు?"

 ఆమె కళ్లు మూసుకుని మెత్తగా పాడింది. తబలా వాయించే అతను మధ్యలోనే చేతులు తీసేసి వింటూ కూర్చున్నాడు.

వచ్చే వారం ప్రదర్శనలో ఆ గొంతు చివరి వరుసదాకా చేరుతుందో లేదో. మైకు పెడితే ఆ మెత్తదనం పోతుందేమో...

మా నాన్న కూడా ఇలాంటి షెడ్డులోనే నేసేవాడు. పాట నేర్పింది ఆయనే అని అందరికీ చెబుతుంటాను. కానీ ఆయన పాడింది కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడే. ఆ రోజుల్లో మాటిమాటికీ కరెంటు తీసేసిన వాళ్లెవరో, వాళ్లకూ ఒక దండం పెట్టుకోవాలి.