తాత పండించిన వెలుగు

తమ్ముడు యోగీశుకు అక్క దీవెనలు.

మీ బావ కన్నుమూసిన చోట పెట్టిన దీపం దినాలయ్యే వరకు ఆరలేదు కదా అని అడుగుతూ రాశావు. ఒక సాయంత్రం గాలికి ఆరిపోయింది. నా బిడ్డ సవిత భోరుమంది.

వల్లూరులో మన శనక్కాయ చేను సోలారు కంపెనీకి ఇచ్చాక, ఆయన అక్కడే కరెంటు పుట్టించే ఆ ప్లేట్లు తుడిచే పనికి పోయేవాడు కదా. ఇంటికొచ్చి నాకు నీళ్లు తోడిపెట్టి, మనవరాలు స్ఫూర్తిని ఎత్తుకుని స్విచ్చి వేయించేవాడు. "మన చేన్లో పండినాదమ్మా ఈ వెలుగు" అనేవాడు.

ఆ సాయంత్రం స్ఫూర్తి కుర్చీ ఎక్కి స్విచ్చి వేసింది. "ఏడవొద్దమ్మా, తాత దీపం ఈడ ఉండాది" అంది. సవిత ఏడుస్తూనే నవ్వేసింది.

నూనె దీపం మళ్లీ వెలిగించాం. దినాలు అయిపోయినా ఆ బల్బు ఆర్పబుద్ధి కావడం లేదు. పట్టపగలు లైటు వెలిగితే కోప్పడే మనిషి, ఈసారికి నన్నేమీ అనడులే.

మీ అక్క