డాబా మీది యాంటెన్నా

ఆదివారం, రాత్రి.

డాబా కారుతోందని, మరమ్మతుకి అడ్డం లేకుండా ఇవాళ పాత టీవీ యాంటెన్నాను దించేశాం. దించేశాం ఏమిటి, నేనే దించాను. ఆయనా, కోటవురట్ల నుంచి వచ్చిన మా తమ్ముడూ కింద కుర్చీలు వేసుకుని దాని పేరు గురించి తగువు పడ్డారు.

“ఏటి బావా, దాన్ని ఏరియల్ అంటారు!”

“ఏరియల్ అంటే రేడియోకి కట్టే తీగరా. గొట్టానికి బిగించింది యాంటెన్నా.”

పేరేదైనా, గాలి వీచి బొమ్మ పోయినప్పుడల్లా డాబా ఎక్కి దాన్ని తిప్పింది ఈ ఇంటి కోడలు. కింద నుంచి “ఇంకాస్త తిప్పు, ఇంకాస్త” అని అరిచేవారు. బొమ్మ కుదిరాక నన్ను దిగమని చెప్పడం మరిచిపోయేవారు. ఎన్ని సినిమాలు సగం నుంచి చూశానో...

ఇవాళ గొట్టం ఒరిగి నా భుజం మీద పడింది. తమ్ముణ్ణి కేకేశాను. తగువు ఆగింది. ఆయన తలెత్తి చూసి, “జాగర్త! యాంటెన్నా పుల్లలు వంగిపోగలవు!” అన్నారు.

భుజం కమిలింది. ఎవరూ అడగలేదు. నేను కిందికి అందించిన యాంటెన్నాను మాత్రం ఇద్దరూ చెరో పక్క పట్టుకుని, ఒక్క పుల్ల వంగకుండా, నెమ్మదిగా గోడకి ఆనించారు.