షినాస్ చేరేసరికి తేలికైన డబ్బా

అల్ ఖౌద్, శనివారం

మహారాజశ్రీ మల్లేశం బావ గారి సముఖానికి, చెల్లెలి మొగుడు భూమేశ్ శిరసు వంచి రాయునది.

ముందుగా క్షమాపణలు. ఈ అరబ్బు దేశంలో అల్ ఖౌద్ నుంచి షినాస్ దాకా ఉన్న రోడ్డు తరఫున, దాని స్పీడ్ బ్రేకర్ల తరఫున, మేము చాయ్‌కి ఆగిన బర్కా, సువైక్, సహం పట్టణాల సమస్త ప్రజల తరఫున నేనొక్కడినే తల దించుకుంటున్నాను.

మీరు నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేశారు కనుక, మీ కంపెనీ పికప్ నడిపే ఖమరుద్దీన్ భాయ్ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. మొన్న ఊరి నుంచి వచ్చిన మీ చెల్లెలు శ్రీలతతో మీ ఆవిడ రాజేశ్వరక్క మీకోసం పంపిన సకినాలు, తీపి గరిజెల డబ్బాను, నిన్న మేమిద్దరం ఊళ్లు చూస్తూ వచ్చి మీ సైట్ గేటు దగ్గర ఇచ్చి వెళ్లాం. అది సగమే ఉందని మీ అభియోగం. బావా, అక్కే తక్కువ పెట్టిందేమో! ఆ రోజు పిండి చాలలేదేమో!

ఇట్లు,
నిర్దోషి భూమేశ్

తా.క.: స్టీలు డబ్బా వాపసు పంపమని అత్తమ్మ ఆజ్ఞ. అదైతే సగం తగ్గలేదు కదా.

*

షినాస్, సోమవారం

భూమేశ్ బావకు మల్లేశం రాసేది.

సదువుకున్నోనివి, నీ మాట నిజమే అనుకున్న. ఇంటికి ఫోన్ జేసి, "మూడేండ్లకు ఒక్క డబ్బ పంపితివి, అది గూడ సగమేనా?" అని రాజేశ్వరిని అడిగిన. "నిండ పెట్టిన. నీ కండ్లు నిండకుంటె నేనేం జెయ్యాలె?" అన్నది. అబద్ధాలకోరువు అన్న. ఇప్పుడు కోరుట్లల తల్లిగారింట్ల ఉన్నది, ఫోనెత్తది. వచ్చే నెల లీవుకు సంతకం అయింది. ఎవలి మొఖం జూసెతందుకు పోవాలె? ఆదివారం ఆఫీసుల కాన్సల్ జేస్త.

మల్లేశం

తా.క.: డబ్బల ఒక గరిజె సగం కొరికి ఉన్నది. ఇదిగూడ ఊరినుంచే అట్ల వచ్చిందా?

*

అల్ ఖౌద్, మంగళవారం

బావ గారి పాదపద్మాలకు,

మీ ఉత్తరం చదివేసరికి చేతిలో చాయ్ చల్లారిపోయింది. అక్క అమాయకురాలు! నిజం ఇక దాచలేను. సువైక్‌లో కోట చూద్దామని దిగాం. కారు అద్దం దించి ఉంది. ఒక పెద్ద మేక బంధుమిత్ర సపరివారంగా వచ్చి, తల లోపల పెట్టి, మూత తీసి ఆరగించింది. పరాయి దేశపు జీవం, కొడితే ఏ కేసవుతుందోనని ఊరుకున్నాను. ఇదంతా అక్కకు చెప్పండి. లీవు మాత్రం కాన్సల్ చేయకండి.

ఇట్లు,
మేక బాధితుడు భూమేశ్

తా.క.: ఆ గరిజె కొరికిందీ అదే. తీపి దానికి పడలేదు.

*

షినాస్, గురువారం

బావా,

మేకకు పై దవడకు ముందుపండ్లుండయి. ఏడో తరగతి దాక మేకలు కాసినోణ్ణి, నాకా చెప్పుడు? గరిజె మీద కిందా మీదా పండ్లు దిగినయి. పై వరుసల నడుమ సందున్నది. రూమ్‌ల మీ పెండ్లి ఫోటో పక్కకు వెట్టి అందరం జూసినం, నీ పండ్లల్ల గూడ అదే సందు.

తిన్నందుకు కాదు. నా చెల్లె తింటె నేను తిన్నట్టే. నీ మాట వట్టుకొని నా పెండ్లాన్ని అబద్ధాలకోరంటి గద బావా! ఇప్పుడు ఏమని పోవాలె?

మల్లేశం

తా.క.: మా రూమ్‌ల ఉండే ఇస్తారి అంటుండు: "మేకనే నయం, ఉత్తరాలు రాయది."

*

అల్ ఖౌద్, శనివారం

బావా,

ఈసారి బిరుదులు లేవు. మీ ముఖం చూసి చెప్పలేను గనుక రాసి తెస్తున్నాను. రేపు ఆఫీసు తెరవకముందే గేటు దగ్గర ఉంటాను. దారిలో ఎక్కడా ఆగను.

బర్కాలో "ఒక్కటే తిందాం, అన్నకు పంపింది" అని శ్రీలతే అంది. సువైక్‌లోనూ ఒక్కటే అనుకున్నాం. సహంలో ఆమె మూత పెట్టబోతూ, "ఇగ ముట్టకు, అన్నకు మొఖమెట్ల చూపెడుతం?" అని ఏడ్చింది. నా చేతిలోని గరిజెను గబుక్కున డబ్బాలో పడేశాను. అందుకే మిమ్మల్ని చూడకుండా గేటు నుంచే పారిపోయాం.

భూమేశ్

తా.క.: తిన్నది ఇద్దరం. శ్రీలతకు కూడా తెలియనిది ఒకటుంది. బర్కాలో ఆమె చాయ్ తేవడానికి దిగినప్పుడు మూత తీశాను. కింద ఒక చీటీ ఉంది. మళ్లీ పెడదామనే జేబులో వేసుకున్నాను. డబ్బా సగమయ్యాక పెట్టలేకపోయాను. "అక్కే తక్కువ పెట్టిందేమో" అని మీకు రాసినప్పుడు కూడా అది నా జేబులోనే ఉంది. ఇదిగో, పిన్ను కొట్టాను:

"మూత పడనంత నింపిన. ఈసారి అత్తమ్మ గాదు, నేనే చుట్టిన. వంకర వోతే నవ్వకు. లీవు దొరికితే అందరికన్న ముందుగాల నాకు చెప్పు. రాజేశ్వరి."

దీన్ని దాచింది ఏ మేకా కాదు బావా. నేనే.