బక్కోడి చెయ్యి

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను, రేడియో విని బెంగపడకు. మొన్న వంతెన అవతలున్న మా సిగ్నల్ కుర్రాడు బక్కోడి పేరుతో, దాటి రమ్మని వైర్‌లెస్‌లో మీట చప్పుళ్ళతో కబురొచ్చింది. కోడ్ అంతా సరిగ్గానే ఉంది. మేం బయల్దేరుతుంటే మా సిగ్నల్ పెద్దాయన, “ఆగండ్రా! ఈ చెయ్యి మన బక్కోడిది కాదు. వాడు టకటకలాడిస్తాడు, వీడెవడో నొక్కి నొక్కి కొడుతున్నాడు,” అన్నాడు. చాటుగా వెళ్ళి చూస్తే నిజంగానే అవతల శత్రువులు కాచుకుని ఉన్నారు! వట్టి చప్పుడులో మనిషిని పోల్చాడమ్మా! బక్కోడి టకటక కోసం ఇంకా చెవులు రిక్కించుకునే ఉన్నాం.

నాన్న దగ్గు తగ్గిందా? అక్క చేత ఉన్ని మేజోళ్ళు అల్లించి పంపు. అందరికీ నా దణ్ణాలు.

నేనొచ్చిన రోజు పిలవను, తలుపు మాత్రం తడతాను. ఎవరని అడక్కుండా తియ్యాలి నువ్వు.

నీ చిన్నోడు