అత్త సిఫారసు

రొవీనా అత్తకు,

నువ్వు చదువుకునే రోజుల్లో సభ్యురాలిగా ఉన్న అమ్మాయిల సంఘం, ఆ సొరోరిటీ ఇంటి గురించి పోయిన నెల మా కాలేజీ పత్రికలో వెక్కిరిస్తూ రాశాను. "నలభై మంది అమ్మాయిలు, నలభై ఒకేరకం గౌన్లు, అందరికీ కలిపి ఒక్క బుర్ర" అన్నాను. ఆ తర్వాత నీకు ఫోన్ చెయ్యడానికి ముఖం చెల్లలేదు.

వారం తిరక్కుండా వాళ్ళు నన్ను భోజనానికి పిలిచారు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. వేయించిన కోడి పెట్టారు. నా వ్యాసం వాళ్ళ వంటింటి ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

అధ్యక్షురాలు మార్లిస్ నా పక్కన కూర్చుని, "ఒక్కటే తప్పు రాశావే. గౌన్లు నలభై ఎక్కడివి? మంచిది ఒక్కటే ఉంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వంతులేసుకుని వేసుకుంటాం. రేపు నా వంతు, నీ కుర్చీకి తగిలించింది అదే, దాని మీద గ్రేవీ ఒలికించకు తల్లీ" అంది. పొలమారేంతగా నవ్వాను.

అత్తా, నాకూ వాళ్ళలో చేరాలని ఉంది. ఆదివారం ఓట్లు వేస్తారు. ఆలోపు పాత సభ్యురాలి సిఫారసు ఉత్తరం అందాలి. నాకు తెలిసిన పాత సభ్యురాలివి నువ్వొక్కదానివే. అడగడానికి భయంగా ఉందంటే మార్లిస్ నవ్వింది.

"నిన్ను భోజనానికి పిలవమన్నదే మీ అత్త. 'దాని నోరు మంచిది కాదు గానీ పిల్ల మంచిది, ముందు కడుపునిండా పెట్టండి' అని ఫోన్ చేసింది."

కొత్తగా ఏమీ రాయనక్కర్లేదత్తా. ఆ మాటలే కాగితం మీద పెట్టి, కింద సంతకం చేసి పంపు.

నీ మేనకోడలు